అత్త పుస్తకం: పెద్దకర్మ నుంచి సంవత్సరీకం దాకా

సారా అంగడి ముందు కూచుని, ఊళ్లో ఆడవాళ్ల పొదుపు గ్రూపు నడిపిన మా మేనత్త 2024 నవంబరు 18న పోయింది. కార్తీక సోమవారం, మధ్యాహ్నం. సంవత్సరీకం నాటికి ఆమె మీద చిన్న పుస్తకం వేసి, భోజనానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టాలని ఇంట్లో అనుకున్నాం. 64 పేజీలు, 300 ప్రతులు. ఖర్చు 27,340 రూపాయలు. పని దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటిది తలపెట్టేవాళ్లకు ఏ మలుపులో ఏం ఎదురవుతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

మొదటి తప్పు పెద్దకర్మ రోజునే జరిగిపోయింది. నవంబరు 28. కావలికి పడమర మాది చిన్న ఊరు. చుట్టుపక్కల నాలుగూళ్ల నుంచి పొదుపు గ్రూపుల ఆడవాళ్లు ట్రాక్టర్లు మాట్లాడుకుని వచ్చారు. షామియానా కింద కూచుని ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పుకున్నారు. సారా అంగడి ముందు రాత్రంతా కాపలా పడుకున్నది, బ్యాంకులో ఖాతా తెరవడానికి ఏడుసార్లు తిరిగినది, ఎవరి కూతురి ఫీజు ఎవరి గాజులు కుదవబెట్టి కట్టినది. మేం వడ్డనల్లో, పంతులుగారి సంభావనల్లో మునిగి ఉన్నాం. ఒక్క ముక్క రాసుకోలేదు. ఒక నోట్‌బుక్కు ఇచ్చి చదువుకునే పిల్లనొకదాన్ని అక్కడ కూచోబెట్టి ఉంటే సరిపోయేది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వాళ్లు చెప్పిన ఒక్క సంగతి. మూడు నెలల తర్వాత అవే మాటల కోసం ఊరూరూ తిరిగితే సగమే దొరికాయి. ఆ రోజు చెప్పినావిడే ఫిబ్రవరిలో "అబ్బే, నాకేం గుర్తుంది అబ్బయ్యా" అంది. చావింట్లో పదిమంది మధ్య పొంగే జ్ఞాపకం మామూలు రోజున ఇంటికి పోయి అడిగితే రాదు.

రెండోది ఫోను. కర్మ అయిపోగానే సిమ్ తీసేద్దామని మా బావ అన్నాడు. తీయనివ్వలేదు, అది అదృష్టమే. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరు పోతుంది. వాట్సాప్ 120 రోజులు కదలిక లేకపోతే ఖాతానే తీసేస్తుంది. తక్కువలో తక్కువ రీచార్జి చేయిస్తూ, నెలకోసారి ఫోను తెరుస్తూ వచ్చాం. అందులో అత్త పంపిన వాయిస్ మెసేజీలు 43 దొరికాయి. ఎక్కువ భాగం మీటింగు కబుర్లే: "రేపు పదింటికి రచ్చకాడికి రాండి, పాస్‌బుక్కులు మర్చిపోతే వెనక్కి పంపిచ్చేస్తా." అవన్నీ వేరే చోట దాచడానికి ఒక సాయంత్రం చాలనుకున్నాం, నాలుగు పట్టాయి. ఒక్కోటి వినగానే ఇంట్లో ఎవరో ఒకరు లేచి బయటికి పోయేవాళ్లు.

సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు కాబట్టి ట్రంకు పెట్టె అప్పుడే తెరిచాం. 2025 జనవరి 13 భోగి మొదలు కనుమ దాకా మూడు రోజులు. ఫోటోలు, రెండు ఆల్బములు, గ్రూపు తీర్మానాల పుస్తకాలు ఆరు, పాత పాస్‌బుక్కులు, గుడ్డలో చుట్టిన ఒక చిన్న లెక్కల పుస్తకం. ఆ చివరిదాని సంగతి తర్వాత చెప్తాను.

ఫోటోల దగ్గర తొందరపడకండి. చెమ్మకు అద్దానికి అతుక్కుపోయిన పటాన్ని మా తమ్ముడు లాగాడు. అత్త పెళ్లి ఫోటో అది. ముఖం అద్దంతోపాటు ఊడొచ్చింది. అలాంటివాటిని పటంలోంచి తీయనే తీయకుండా, నీడలో పెట్టి, అద్దం మెరుపు పడకుండా కాస్త పక్కగా నిలబడి దానికే ఫోటో తీసుకోవాలి. బంక పేజీల ఆల్బములో ఇరుక్కున్నవాటిని గోటితో కాకుండా సన్నటి నైలాన్ దారాన్ని ఫోటో కిందికి పోనిచ్చి, అటూ ఇటూ రంపంలా లాగితే వచ్చేశాయి. 31లో 29 క్షేమంగా వచ్చాయి.

స్కానింగుకు ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఫోటోను రెండింతలు పెద్దది చేసి వేయాలంటే స్కాను 600 దగ్గర చేయాలి. పాస్‌పోర్టు సైజు ఫోటోలను మేం 1,200 దగ్గర చేశాం. చుట్టాలు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు 1,600 చుక్కలకు అటూ ఇటూగా కుంచించుకుపోతుంది. లోపల పావు పేజీకి సరిపోతుంది, అట్టకు పనికిరాదు. 'డాక్యుమెంట్'గా పంపమని అడగాలి. అది ఎలాగో ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడమే ఒక ఉద్యోగం అయిపోయింది. పాత పేపరు కటింగు ఒకటి ఉంది, 1992 నాటిది. స్కాను చేస్తే వెనకవైపు అక్షరాలు కూడా తేలాయి. దాని వెనక నల్ల కాగితం పెట్టి మళ్లీ చేస్తే పోయాయి.

ఇక పుట్టినతేదీ. ఆధార్‌లో 01-01-1958. మా వైపు ఆ వయసువాళ్లలో సగంమంది జనవరి 1నే పుట్టారు! తాతయ్య పద్దుల పుస్తకంలో మాత్రం 'దుర్ముఖి శ్రావణం, ఆడపిల్ల' అని ఉంది. దుర్ముఖి అంటే 1956-57, శ్రావణం కాబట్టి 1956 ఆగస్టు ప్రాంతం. అప్పటిదాకా 66 అనుకున్న వయసు 68 అయింది. మిగతా తేదీలకు తుఫాన్లే ఆధారం. చిన్నబావ పుట్టింది ఎప్పుడంటే "కావలి తుఫానుకు నెల ముందు" అన్నారు. ఆ తుఫాను 1989 నవంబరు 9న తీరం దాటింది. దాన్నుంచి వెనక్కి లెక్కేసుకున్నాం. కాగితం లేని ఇళ్లలో ఈ పద్ధతే మేలు: తుఫాను, ఎలక్షను, ఊరికి కరెంటు వచ్చిన ఏడు, ఇలాంటివి నాలుగు పట్టిక వేసుకుని దగ్గర పెట్టుకుంటే అడగడం తేలికవుతుంది.

ఫిబ్రవరి 2 నుంచి ఏప్రిల్ 20 దాకా 17 మందితో మాట్లాడి రికార్డు చేశాం. వేళ ముఖ్యం. ఎండాకాలంలో ఉపాధి పనికి తెల్లారే పోయి పదకొండుకు వస్తారు, వంట, తిండి అయ్యేసరికి రెండు. రెండు నుంచి నాలుగు మధ్య అయితేనే మనసు పెట్టి మాట్లాడతారు. ఫోను ఫ్యాను కింద పెడితే గంటసేపూ గాలి చప్పుడే రికార్డవుతుంది, మొదటి ఇద్దరివీ అలాగే పోయాయి. ఉక్కపోసినా ఫ్యాను ఆపించాలి, లేదా వేపచెట్టు కిందికి తీసుకుపోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ప్రశ్న దగ్గర. "అత్త ఎట్టాంటిది?" అని అడిగితే "దేవత నాయనా" అంటారు, కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో సరి. ఆరుగురి దగ్గర ఇదే జరిగింది. తర్వాత ప్రశ్న మార్చాం. "నిన్నెప్పుడన్నా తిట్టిందా?" ఆ ఒక్క ప్రశ్నకు పది నిమిషాలు నవ్వుతూ చెప్పారు. "ముప్పై రూపాయలు కట్టలేనిదానివి, తల్లో పూలకు డబ్బులు యాడివి మే?" అని నిండు మీటింగులో అడిగిందట ఒకావిణ్ణి ('మే' అంటే మా వైపు ఆడవాళ్లను పిలిచే మాట). మర్నాడు ఆ ముప్పై తనే కట్టి, పుస్తకంలో ఆమె పేరు మీదే రాసిందట. ఇలాంటివే పనికొచ్చే ఇంకొన్ని ప్రశ్నలు: మొదటి మీటింగు ఎవరింట్లో? లాంతరు ఎవరు తెచ్చారు? డబ్బు డబ్బా తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది? వస్తువు గురించి అడిగితే మనిషి కనిపిస్తుంది.

గంట రికార్డింగు కాగితం మీదికి ఎక్కించడానికి ఐదారు గంటలు. ఫోను చేత రాయిద్దామని చూశాం, 'పోతుండా', 'యాడికి', 'అనింది' లాంటి మా నెల్లూరు మాటలు దానికి అంతు పట్టలేదు. జూన్, జూలై రెండు నెలలూ ఇద్దరు పంచుకుని చేత్తో రాసినదే.

జ్ఞాపకాలను కాగితాలతో సరిచూసుకోవాలి. 17 మందిలో పదకొండుగురు "సారా బందు చేసింది రామారావు" అనే అన్నారు. 1992లో మా జిల్లా ఊళ్లలో రాత్రిబళ్ల నుంచి లేచిన సారా ఉద్యమం ఫలితంగా రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది 1993 అక్టోబరు 1న, అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి. ఎన్టీఆర్ తెచ్చింది సంపూర్ణ మద్యనిషేధం, 1995 జనవరి 16 నుంచి. రెండూ వాళ్ల మనసులో ఒకటైపోయాయి. చెప్పినవాళ్ల మాట దిద్దకుండా అలాగే ఉంచి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో తేదీలు వేశాం. పెద్దవాళ్ల మాటను వాళ్ల నోట్లోనే మార్చేయడం నాకు నచ్చలేదు.

తీర్మానాల పుస్తకాలు మేం అనుకున్నదానికంటే విలువైనవి. 1994లో మొదలైన గ్రూపు, 15 మంది, రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్పై, అందరిదీ కలిపి 450. మొదటి తీర్మానం కింద 15లో 11 వేలిముద్రలు. 1997 పుస్తకానికి వచ్చేసరికి వేలిముద్రలు నాలుగే, మిగతావి వంకరటింకర సంతకాలు. ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా వేశాం. అత్త సాయంత్రాలు ఏం చేసేదో చెప్పడానికి దాని పక్కన వాక్యమే అక్కర్లేకపోయింది.

కానీ అందులోనే ఒక ప్రమాదం ఉంది. 1997 పేజీలో పైనే ఫలానా ఆమె మూడు నెలల కంతులు కట్టలేదని రాసి ఉంది, పేరుతో సహా. ఆమె మా వీధిలోనే ఉంటుంది, మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. రెండో ప్రూఫులో, అంటే తప్పులు దిద్దడానికి అచ్చుకు ముందు ఇచ్చే ప్రతిలోగాని, మా కంటపడలేదు. గ్రూపు పుస్తకం ఏది అచ్చు వేసినా ముందు బాకీల వరసలు కప్పేయాలి.

గుడ్డలో చుట్టిన ఆ చిన్న పుస్తకం కూడా అలాంటిదే. అత్త సొంతంగా ఇచ్చిన చేబదుళ్లు. పేరు, మొత్తం, ఎందుకు ఇచ్చింది. 'ఫీజు', 'పురుడు', 'బియ్యం రెండు శేర్లు'. తిరిగివచ్చినవాటి మీద అడ్డగీత. గీత లేనివి 38. బావలిద్దరూ మాట్లాడుకుని ఎవరినీ అడగకూడదనుకున్నారు, పుస్తకంలో దాని ప్రస్తావనే వద్దన్నారు. తర్వాత ముగ్గురు తమంతట తామే వచ్చి ఇచ్చిపోయారు.

ఆగస్టు అంతా ఇంట్లో గొడవే. మామయ్య తాగుడు రాయాలా వద్దా? అది రాయకపోతే అత్త సారా అంగడి ముందు ఎందుకు కూచుందో అర్థం కాదు. రాస్తే తండ్రి పరువు తీశారని చిన్నబావ బాధ. మూడు వారాలు పని ఆగింది. చివరికి అందరినీ కూచోబెట్టి ఆ భాగం పైకి చదివి వినిపించాం. పెద్దబావ ఒక వాక్యం తనే చెప్పాడు: "మా నాయన 1993 తర్వాత తాగలేదు, ఆ గొప్ప మా అమ్మదీ, మా నాయనదీ కూడా." అదే వేశాం. కాగితం మీద పంపి అభిప్రాయం అడిగితే ఎవరికి వాళ్లు మనసులో పెట్టుకుంటారు, ముఖాముఖి చదివితే తేలిపోతుంది. వంశవృక్షం పేజీ మాత్రం ముఖాముఖీకీ లొంగలేదు. నాలుగుసార్లు మార్చాం. మొదటి రెండుసార్లూ ఇంటి ఆడపిల్లల అత్తింటివాళ్లను మర్చిపోయాం.

సెప్టెంబరు 8న నెల్లూరులో డీటీపీకి, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పనికి, ఇచ్చాం. పేజీకి 60 చొప్పున 3,840. మేం ఫోన్లో, కంప్యూటర్లో రాసింది యూనికోడు, అంటే ఏ ఫోన్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. ఆయన పనిచేసేది పేజ్‌మేకర్‌లో, యూనికోడుకు పొసగని 'అను' అనే తెలుగు ఫాంట్లతో. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది కాని నమ్మి కళ్లు మూసుకోకూడదు. 'గ్రూప్‌లో' అన్నది 'గ్రూప్లో' అయిపోతుంది, అరసున్నాలు, బండి ఱలు మాయమవుతాయి, కొటేషన్ గుర్తుల చోట ఏవేవో అక్షరాలు వస్తాయి. ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లు దొరికితే యూనికోడు నేరుగా తీసుకుంటుంది. అందులో భారతీయ లిపుల కంపోజర్ (మన అక్షరాలు సరిగ్గా కూర్చే అమరిక) ఎంచుకున్నారో లేదో అడగాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

మొదటి ప్రూఫు 11 రోజులకు, 19న వచ్చింది. పాపం ఆ డీటీపీ ఆయన శ్రద్ధగల మనిషి, 'అనింది'ని 'అన్నది'గా, 'యాడ'ను 'ఎక్కడ'గా, 'మే' ఉన్నచోటల్లా తీసేసి 'దిద్దిపెట్టాడు'. అత్త పంతులమ్మలా మాట్లాడుతోంది! ముట్టుకోకూడని 20 మాటల పట్టీ రాసి ఇచ్చాం. మొదటి రోజునే ఇచ్చి ఉంటే పది రోజులు మిగిలేవి. ప్రూఫు ఒక్కరే కళ్లతో చూస్తే తప్పులు దాటిపోతాయి. ఒకరు అసలు ప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి పోవాలి. మొదటి ప్రూఫులో 212 తప్పులు, రెండోదాంట్లో 47, మూడోదాంట్లో 9.

అచ్చుకు డెమ్మీ ఎనిమిదో సైజు ఎంచుకున్నాం. 16 పేజీల ఫారాల (కలిపి అచ్చయ్యే పేజీల కట్టల) లెక్కన పోవాలి కాబట్టి 48 లేదా 64, మధ్యలో ఆగదు. మాకు 57 పేజీల సరుకు ఉంది, మిగతా ఏడు పేజీలకు ఫోటోలు, అత్త గోంగూర పచ్చడి కొలతలు, గ్రూపు సభ్యుల పట్టీ చేర్చాం. నిజానికి అందరూ ముందు తిప్పి చూసేది ఆ పేజీలే. రంగు ఫోటోలు అక్కడక్కడ చల్లకుండా 8 పేజీలు సరిగ్గా నడుమ పెట్టమన్నారు, ఖర్చు తగ్గుతుంది. మధ్య పిన్ను వేసే పుస్తకంలో 16 కాగితాలు ఒకదాన్లో ఒకటి మడతపడతాయి కాబట్టి లోపలి పేజీలు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు బయటికి తోసుకొస్తాయి, కత్తిరింపులో అంచు పోతుంది. నమూనా ప్రతిలో నడిమి పేజీల అంకెలు సగం తెగాయి. అంచుకు అర అంగుళం వదిలాక సర్దుకుంది.

క్యూఆర్ కోడ్ కూడా ఒకటి వేశాం, స్కాన్ చేస్తే అత్త గొంతు వినిపించేలా. రెండు సెంటీమీటర్ల కంటే చిన్నదైతే పాత ఫోన్లు పట్టుకోవు. పంచేటప్పుడు ఎవరికీ తెరుచుకోలేదని ఫోన్లు వచ్చాయి, గుండె జారింది. తీరా చూస్తే ఆ ఫైలు మా ఒక్కరికే కనిపించేలా ఉంది. లింకు ఉన్నవారెవరైనా చూడొచ్చని మార్చగానే పనిచేసింది, మళ్లీ అచ్చు వేయాల్సిన పని లేదు.

గడువు విషయంలో మేం మోసపోయాం. ఏడాది అంటే నవంబరు 18 అనే లెక్కలో ఉన్నాం. సంవత్సరీకం తిథి ప్రకారం కదా! కార్తీక బహుళ తదియ 2025లో నవంబరు 7కే వచ్చింది, 11 రోజులు ముందు. పంతులుగారిని సెప్టెంబరులో అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. అధికమాసం వచ్చిన ఏడయితే ఆ తేదీ దాటి తర్వాతకి పోతుంది. మొదటే అడిగి గోడ మీద రాసుకోండి.

అక్టోబరు 13న అచ్చుకు ఇస్తే పది రోజులన్నారు. అప్పటికే దసరా సెలవుల పని పేరుకుపోయి ఉంది, 20న దీపావళి, ఆపైన కొత్త ఏడాది క్యాలెండర్ల రద్దీ. 28న మొంథా తుఫాను. వానకు కరెంటు లేక రెండు రోజులు పోయాయి, గాలిలో తేమకు లామినేషన్ చేసిన అట్టలు అప్పడాల్లా వంకరపోయాయి. అట్టకు ఒకవైపే ప్లాస్టిక్ పొర ఉంటే రెండోవైపు చెమ్మ పీల్చి సాగుతుంది. ఒత్తిడి కింద రెండు రాత్రులు పెట్టాక దారికొచ్చాయి. నవంబరు 5న, కార్తీక పౌర్ణమి సాయంత్రం, పుస్తకాలు ఇల్లు చేరాయి.

ప్రతికి 58 చొప్పున 300కు 17,400. ఫోటోలు శుభ్రం చేయించడానికి 1,800, అట్ట బొమ్మకు 1,000, ప్రూఫుల కాగితాలకు 300, ఆటోకు 350. ఊళ్ల తిరుగుడు పెట్రోలు లెక్కలో వేయలేదు. బయటి ఊళ్ల చుట్టాలకు 42 ప్రతులు పంపడానికి 2,650. పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు అడిగితే అది స్పీడ్ పోస్టులో కలిసిపోయిందన్నారు.

నవంబరు 7న భోజనాల తర్వాత పంచాం. చదువు రానివాళ్లు ఫోటోలు చూస్తున్నారు, చదువు వచ్చినవాళ్లు వాళ్లకు కింది పేర్లు చదివి వినిపిస్తున్నారు. పావుగంటకే ఒక కేక: "నేను యాడ ఉండా? ఇది నేను కాదే!" 37వ పేజీలో, 1995 నాటి గ్రూపు ఫోటో కింద, ఎడమ నుంచి మూడు, నాలుగు పేర్లు తారుమారయ్యాయి. మూడు ప్రూఫులూ దాటిన తప్పు అది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, మనుషులే మారారు. ఆ ఇద్దరిలో ఒకామె 2019లోనే పోయింది, రెండో ఆమె ఎదురుగా కూచుని ఉంది. అక్కడికక్కడే నలుగురం నాలుగు పెన్నులతో దిద్దడం మొదలుపెట్టాం. చుట్టాలకు పోస్టులో వెళ్లిన 42 తప్ప అన్నీ దిద్దాం. ఆ 42కీ ఇంకా ఫోన్లు చేస్తున్నాం: 37వ పేజీ తీయండి, మూడో పేరు నాలుగులోకి, నాలుగో పేరు మూడులోకి.